కోసి ఎండబెట్టిన గడ్డికి ఆ వాసన ఎక్కడిది?

తిరుపతి

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

కొన్ని ఆకులకు పచ్చిగా ఉన్నప్పుడు లేని వాసన ఎండాక ఎలా వస్తుందని అడిగారు కదా. అన్ని ఆకుల కథా ఒకటి కాదు. ఎండుగడ్డికి తియ్యని వాసననిచ్చే కౌమారిన్ అనే పదార్థం సంగతి మాత్రం చెబుతాను.

దాని పుట్టుక ఫినైలలనిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలవుతుంది. మొక్క దాన్ని సొంతంగా తయారు చేసుకుంటుంది. మనకు ఆ విద్య రాదు, పప్పులోనో గుడ్డులోనో తినాల్సిందే. ఒక ఎంజైము అందులోని అమ్మోనియాను ఊడగొడితే సినమిక్ ఆమ్లం మిగులుతుంది. అక్కడి నుంచి దారులు చీలతాయి. ఒకటి చెక్కను గట్టిపరిచే లిగ్నిన్‌కు పోతుంది. మన నన్నారి వేరు పరిమళానిదీ ఈ వంశమే. మరో దారిలో ఆ ఆమ్లం కొద్దిగా మారాక దానికి గ్లూకోజు తగులుకుంటుంది. ఆ రూపానికి వాసన ఉండదు.

మొక్క తెలివంతా ఇక్కడే ఉంది. కౌమారిన్ విడిగా ఉంటే గింజల మొలకను కూడా అడ్డుకుంటుంది. అందుకని చక్కెర తగిలిన రూపాన్ని కణంలోని రిక్తిక అనే సంచిలో దాచి, ఆ చక్కెరను తెంచే ఎంజైమును బయటే ఉంచుతుంది. పశువు కొరికినా, కొడవలి పడినా, ఆకు వాడినా కణాలు చిట్లి రెండూ కలుస్తాయి. గ్లూకోజు ఊడిపోతుంది. మిగిలిన అణువు ఒక నీటి అణువును వదిలి, తన రెండు కొసలనూ కలుపుకొని వలయంగా ముడుచుకుంటుంది. అదే కౌమారిన్. ముడుచుకోవడానికి వీలుగా అణువును ముందే ఒక పక్కకు తిప్పి పెట్టేది ఎండలోని అతినీలలోహిత కిరణాలు.

వాసన తియ్యనే గానీ రుచి చేదు. 1920లలో అమెరికా, కెనడాలలో కౌమారిన్ ఉండే మెలిలోటస్ అనే పశుగ్రాసాన్ని బూజు పట్టాక తిన్న పశువులు రక్తం గడ్డకట్టక చనిపోయాయి. కౌమారిన్‌కు ఆ గుణం లేదు, బూజు దాన్ని డైకుమరాల్‌గా మార్చడంతో వచ్చిన ముప్పు అది. అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ బృందం ఆ డైకుమరాల్‌ను వేరుచేసింది. ఆ పరిశోధనలోంచే రక్తం గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ పుట్టి, 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చింది. కొన్నేళ్లకే మనుషులకూ మందయింది. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్లకు డాక్టర్లు నేటికీ రాసిస్తున్నారు.

మన కాలేయం కౌమారిన్‌ను చాలావరకు అంబెలిఫెరోన్‌గా మార్చి మూత్రంలో పంపేస్తుంది. కపిలతీర్థంలో పూజకు వాడే మారేడు చెట్టు అదే పదార్థాన్ని తానుగా చేసుకుంటుంది! కొట్లో దాల్చినచెక్క అంటే సాధారణంగా ఇచ్చే మందపాటి కాసియాలో కౌమారిన్ ఎక్కువ. పలచటి పొరల సింహళపు రకంలో నామమాత్రమే. కౌమారిన్ మోతాదు మించితే కాలేయానికి చేటు, కానీ బిర్యానీలో వేసే ముక్కకు భయపడనక్కర్లేదు. బరువు తగ్గుతామని కాసియా పొడిని రోజూ చెంచాలకొద్దీ తాగే మీ బాబాయికి మాత్రం ఈ ఉత్తరం చూపించండి.

మీ తాతయ్య