బీడు లోపల చెద

గాజువాకలో టిఫిన్ సెంటర్ నడిపే పాఠకుడొకాయన అడిగారు: రోజూ కాలి చల్లారే బీడు (పోత ఇనుము) పెనానికి ఏళ్లు గడిచేకొద్దీ బలం తగ్గుతుందా అని. దోశల వేడికైతే తగ్గదు. 250 డిగ్రీల దగ్గర బీడు లోపలి అమరిక మారదు. కాలే పెనం మీద నీళ్లు పోస్తే ఇంటికి అరిష్టమని పెద్దవాళ్లు అంటారు. ఇంటి సంగతేమో గానీ, పెనానికి అరిష్టమే. ఉల్లిపాయతో తుడిచేముందు చిలకరించే నీళ్లు ఆవిరైపోతాయి, వాటితో భయం లేదు. చెంబెడు గుమ్మరిస్తేనే చిక్కు. పైపొర ఒక్కసారిగా 150 డిగ్రీలు చల్లబడి ముడుచుకోబోతుంది, ఇంకా వేడిగా ఉన్న కింది పొర ముడుచుకోనివ్వదు. బీడు డిగ్రీకి మీటరుకు సుమారు 11 మైక్రోమీటర్లు వ్యాకోచిస్తుంది, సాగదీతకు అదెంత మొండికేస్తుందో చెప్పే సాగుదల గుణకం 100 గిగాపాస్కల్స్ చుట్టూ ఉంటుంది. లెక్క కడితే పైపొర మీద లాగుడు 200 మెగాపాస్కల్స్ దాకా పోతుంది. మామూలు బీడు తెగేది దాదాపు అక్కడే. ఉక్కయితే కాస్త సాగి తట్టుకుంటుంది, బీడుకు ఆ ఓపిక లేదు.

నాకు ఇష్టమైన కథ మాత్రం 600 డిగ్రీలు దాటాక మొదలవుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే కరిగిన ఇనుమును దిమ్మలుగా పోతపోసే యంత్రం, అంటే పిగ్ కాస్టింగ్ మెషిన్‌లోని మూసలు కూడా బీడువే. కాలడం, నీళ్లకు చల్లారడం, మళ్లీ కాలడం, ఇదే వాటి పని. కొన్నాళ్లకు వాటి లోపలి ముఖం మీద వలలాంటి సన్నని పగుళ్లు తేలతాయి.

బూడిదరంగు బీడులో 3 శాతానికి పైగా కార్బన్ ఉంటుంది. అందులో చాలావరకు గ్రాఫైట్ రేకులే. ఆ రేకులు లోలోపల ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. బాగా కాలినప్పుడు గాలిలోని ఆక్సిజన్ వాటి వెంట లోపలికి పోతుంది, అచ్చం గుమ్మానికి పట్టిన చెదలాగా. పైన రంగు చెక్కుచెదరదు, లోపల పని సాగిపోతుంటుంది. చెద ఉన్నపళంగా కొత్త సొరంగం తవ్వదు, మెత్తని పొరను వెతుక్కుంటుంది. ఇక్కడ ఆ మెత్తని పొర గ్రాఫైట్. అయితే చెద తిన్నచోట ఖాళీ మిగులుతుంది, ఆక్సిజన్ తిన్నచోట తుప్పు నిండుతుంది. తుప్పుకు ఇనుముకంటే ఎక్కువ చోటు కావాలి, అందుకే రేకు పక్కన సందు విడిపోతుంది. చల్లారినప్పుడు ఆ సందు పూర్తిగా మూసుకోదు. మళ్లీ కాల్చినప్పుడు గాలి ఇంకాస్త లోతుకు పోతుంది. దానికితోడు బీడులో ఇనుము, కార్బన్ కలిసి ఏర్పడిన ఐరన్ కార్బైడ్ విడిపోయి ఇనుము, గ్రాఫైట్ అవుతుంది, ఆ రెంటికీ చోటు ఇంకా ఎక్కువ కావాలి. బీడులోని సిలికాన్‌ను బట్టి 730 డిగ్రీల దగ్గరో, ఇంకాస్త పైనో ఇనుము స్ఫటిక రూపమే మారుతుంది. ఆ గీతను పదేపదే దాటించడం అన్నిటికంటే చేటు.

ఫలితం: బీడు ఉబ్బుతుంది, బలం పోతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఔటర్‌బ్రిడ్జ్ అనే ఆయన బీడు కడ్డీలను మళ్లీమళ్లీ కాల్చి చూస్తే వాటి ఘనపరిమాణం 40 శాతానికి పైగా పెరిగింది. మన పాఠ్యపుస్తకాలు వేడికి వ్యాకోచం, చల్లారితే సంకోచం అని చెప్పి ఊరుకుంటాయి. ఈ కడ్డీని క్లాసులో చూపిస్తే పిల్లలు మాస్టారిని వదలరు.

తమాషా ఏమిటంటే, అవే రేకులు వేడిని చకచకా పంచేస్తాయి. లారీ బ్రేక్ డ్రమ్ములు నేటికీ బూడిదరంగు బీడుతోనే పోస్తున్నది అందుకే. మెగ్నీషియం కలిపి రేకులను విడివిడి గుండ్రని ఉండలుగా మారిస్తే ఆక్సిజన్‌కు దారి దొరకదు. కానీ వేడి పారే దారీ కొంత మూసుకుపోతుంది.

పగిలిన పెనాన్ని ఆటోనగర్‌లో మామూలు రాడ్‌తో అతికించబోతే వెల్డ్ పక్కనే మళ్లీ విరుగుతుంది. నికెల్ రాడ్ కావాలి, ముందు పెనాన్ని బాగా వేడి చేయాలి, తర్వాత బూడిదలో కప్పిపెట్టి మెల్లగా చల్లారనివ్వాలి.