నోట్లో ఉన్నదే సర్కారుకి కట్టాలి (2)

పైన ఉన్నది ఈ వ్యాసం పేరే గానీ, అదొక గడినుడి (క్రాస్‌వర్డ్) ఆధారం కూడా, అంటే జవాబుని పట్టించే క్లూ. బ్రాకెట్లో 2 అంటే జవాబుకి రెండక్షరాలు. చదవగానే చాలామందికి జేబులో రూపాయల నోటే గుర్తొస్తుంది, పక్కనే సర్కారు ఉంది, కట్టడం ఉంది, ఇంక అది డబ్బు నోటు కాక ఇంకేమవుతుంది అని బుర్ర మనల్ని అడక్కుండానే తేల్చేస్తుంది. కానీ నోట్లో అంటే నోటిలో అని కూడా కదా. నోట్లో ఉండేది పన్ను, సర్కారుకి కట్టేదీ పన్నే.

ఇది తెలిసిన క్షణంలో లోపల చిన్న మెరుపు మెరుస్తుంది చూడండి, దానికోసమే నేను చాలా ఏళ్ళుగా పొద్దున్నే కాఫీతో పాటు పెన్సిల్ కూడా పట్టుకుని కూర్చుంటున్నా. హిందూ పేపర్లో 1971 నుంచి క్రాస్‌వర్డ్ వస్తోంది, ఇలా మాటలతో మెలిక పెట్టే క్రిప్టిక్ రకం నేను నేర్చుకున్నది దాని మీదే. తెలుగులో అయితే శ్రీశ్రీ అంతటివాడు పదబంధ ప్రహేళికలు, అంటే గడినుళ్ళే, కూర్చాడు, కాబట్టి ఇదేదో ఇంగ్లీషువాళ్ళ సరదా మాత్రమే అనుకోనక్కర్లేదు.

మామూలు క్రాస్‌వర్డ్ నీకు ఈ మాట తెలుసా అని అడుగుతుంది, తెలిస్తే రాస్తాం లేకపోతే లేదు. క్రిప్టిక్ లో జవాబు దాదాపు ఎప్పుడూ మనకి తెలిసిన మాటే, అయినా కనపడదు. సాధారణంగా ఆధారంలో రెండు ముక్కలుంటాయి, ఒకటి అర్థం, అది మొదట్లోనో చివర్లోనో ఉంటుంది, రెండోది ఆ మాటని ముక్కలుగా కట్టే దారి. "స్వప్నం, దేవుడిచ్చేది కలిస్తే ఆందోళన (4)" అన్నామనుకోండి, కల, వరం, కలిపితే కలవరం. "జీవన జలంలో దాక్కున్న అమ్మాయి (3)" అంటే నీళ్ళలోకి చూడక్కర్లేదు, అక్షరాల్లోకి చూస్తే జీవన జలం మధ్యలో వనజ కూర్చుని ఉంటుంది. "తల తెగిన సముద్రం భలే వేడి (2)" అంటే సాగరంలో సా తీసేస్తే గరం. తిరగేయడం మనకి కొత్తేమీ కాదు, వాల్మీకి మరా మరా అంటుంటే రామ అయిందన్న కథ చిన్నప్పుడే విన్నాం. ఇంగ్లీషులో అందరూ చెప్పుకునే పాతది ఒకటుంది, హెచ్, ఐ, జె, కె, ఎల్, ఎం, ఎన్, ఓ (5), ఆధారం మొత్తం అంతే. హెచ్ నుంచి ఓ దాకా, అంటే హెచ్ టు ఓ, చెవికి H2O లాగే వినిపిస్తుంది, అంటే నీళ్ళు, కాబట్టి వాటర్. నాకు ఇప్పటికీ అది తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

ఈ ఆట అమెరికాలో 1913 డిసెంబర్ 21న ఆర్థర్ విన్ అనే ఆయన న్యూయార్క్ వరల్డ్ పేపర్లో వేసిన మామూలు గడులతో మొదలైంది, మెలికలు తిప్పింది మాత్రం బ్రిటన్ వాళ్ళు. అబ్జర్వర్ పేపర్లో 1926 నుంచి ఎడ్వర్డ్ పోవిస్ మేథర్స్ కూర్చేవాడు, ఆయన పెట్టుకున్న పేరు టార్కెమాడా, అంటే స్పెయిన్లో మతం పేరుతో జనాన్ని చిత్రహింసలు పెట్టిన విచారణాధికారి పేరు! ఆయన తర్వాత 1939లో వచ్చిన మెక్‌నట్ కూడా అలాంటి ఇంకో అధికారి పేరే తీసుకుని జిమెనెజ్ అయ్యాడు. 1972 నుంచి కూర్చిన అజెడ్ అయితే డెజా అనే విచారణాధికారి పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో తిరగేసి పెట్టుకున్నాడు. పేర్లు అంత భయంకరంగా ఉన్నా ఈ ఆటకి న్యాయం నేర్పింది వీళ్ళలోని జిమెనెజే, 1966లో ఆయన రాసిన పుస్తకంలో పద్ధతి గట్టిగా చెప్పాడు, దాని సారం ఇది, ఆధారంలో సరైన అర్థం ఉండాలి, ఆ మాటని కట్టే సరైన దారి ఉండాలి, ఇంకేదీ ఉండకూడదు. కూర్పరి మనల్ని దారి తప్పించొచ్చు గానీ అబద్ధం చెప్పకూడదు. రెండు రోజులు ఒకే ఆధారం ముందు ఓపిగ్గా కూర్చోగలుగుతున్నామంటే, జవాబు అక్కడే ఉందన్న ఆ నమ్మకం వల్లే.

మరి కళ్ళ ముందే ఉన్నది ఎందుకు కనపడదు? 1942లో అబ్రహం లూచిన్స్ అనే సైకాలజిస్ట్ నీళ్ళ కుండల లెక్కలతో చేసిన ప్రయోగం ఒకటి ప్రచురించాడు. మూడు కుండలతో ఫలానా కొలత నీళ్ళు తేవాలి, మొదటి కొన్ని లెక్కలకి ఒకే పొడుగాటి పద్ధతి పనిచేస్తుంది, తర్వాత చాలా తేలిక దారి ఉన్న లెక్క ఇస్తే కూడా ఎక్కువమంది ఆ పొడుగు దారే పట్టారు, అసలు ఆ అలవాటు పడనివాళ్ళు మాత్రం తేలిక దారి చూసేశారు. నోటు దగ్గర మనకి జరిగింది అదే, ముందు తట్టిన అర్థం మిగతా అర్థాలకి తలుపు వేసేస్తుంది.

ఆ తలుపు తెరుచుకునే క్షణాన్ని కూడా కొలిచారు. మార్క్ బీమన్, జాన్ కౌనియోస్ వాళ్ళ బృందం 2004లో మాటల పజిల్స్ ఇచ్చి మెదడు తరంగాల్ని చూసింది, పైన్, క్రాబ్, సాస్ మూడింటితోనూ కలిసే మాట ఏది అంటే యాపిల్, అలాంటివి. ఒక్కసారిగా తట్టిందని చెప్పినప్పుడు బటన్ నొక్కడానికి సుమారు 0.3 సెకన్ల ముందు కుడి కణత లోపలి భాగంలో గామా తరంగాలు ఒక్కసారి ఎగిశాయి. నాకు ఇంకా నచ్చింది దానికంటే ముందు జరిగేది, ఇంచుమించు సెకను ముందు కుడివైపు వెనక, చూపుకి సంబంధించిన చోట ఆల్ఫా తరంగాలు పెరిగాయి, అంటే బయటి నుంచి వచ్చేదాన్ని మెదడు కాస్త తగ్గించుకుంటోందని వాళ్ళ వివరణ. ఏదైనా గట్టిగా ఆలోచించేటప్పుడు మనం కళ్ళు పైకెత్తి గోడ వైపు చూడమూ, అలాంటిదే లోపల కూడా జరుగుతోందన్నమాట.

పక్కన పెట్టేయడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు అది ఓడిపోవడం అనుకుంటారు. సియో, ఆర్మరాడ్ అనే ఇద్దరు 2009లో 117 అధ్యయనాల్ని కలిపి చూస్తే, విరామం ఇచ్చి తిరిగొస్తే పరిష్కారం దొరకడం పెరుగుతోందని తేలింది. మాటల పజిల్స్ కి అయితే ఊరికే కూర్చోవడం కంటే బుర్రకి బరువు లేని పనేదో చేస్తుంటే ఇంకా బాగా పనిచేసిందట. అంట్లు తోమడం, చిక్కుడుకాయలు ఒలవడం లాంటివి అని నా అనుభవం.

మిగతా అలవాట్లు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి. జవాబు అక్షరాల్ని తారుమారు చేసి ఇచ్చిన ఆధారమైతే నేను వాటిని వరసగా రాయను, గుండ్రంగా రాస్తా, వరసలో ఉంటే కళ్ళు పాత మాటనే చదువుతాయి. ఆధారాన్ని వెనక నుంచి చదువుతా, ఒక్కో మాట తర్వాత ఫుల్‌స్టాప్ ఉందనుకుని చదువుతా, అప్పుడు వాక్యం చెప్పే కథ చెదిరిపోయి మాటలు విడివిడిగా మిగులుతాయి. ఫ్రీడ్‌ల్యాండర్, ఫైన్ అనే పరిశోధకులు 2016లో ప్రచురించిన సర్వేలో, క్రిప్టిక్ బాగా చేసేవాళ్ళలో సైన్స్, మ్యాథ్స్, ఐటీ వాళ్ళు చాలామంది కనిపించారు. సాహిత్యం వాళ్ళ ఆట అనుకునేదాన్ని, కానీ ఆలోచిస్తే సబబే, ఇక్కడ వాక్యాన్ని అనుభవించకుండా విప్పాలి. 1942లో డైలీ టెలిగ్రాఫ్ వాళ్ళ క్రాస్‌వర్డ్‌ని 12 నిమిషాల్లో చేసే పోటీ పెడితే, అందులో బాగా చేసిన కొందర్ని తర్వాత బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ల రహస్య సందేశాలు విప్పే పనికి పిలిచింది కూడా అందుకే.

పోయిన నెల మా వదిన వాట్సాప్‌లో ఒకటి పంపింది, "రాజ్యం చెయ్, పల్లె పట్నమవుతుంది (3)". మంచి పాలన వస్తే ఊరు బాగుపడుతుందని ఎవరో అన్నట్టు ఉంది కదా, నేను ఆ కథలోంచి బయటికి రాలేకపోయా. ప్రభుత్వం, అభివృద్ధి, పంచాయతీ, రెండు రోజులు అక్కడక్కడే తిరిగా, కాగితం మీద రాసి ఫ్రిజ్ కి అంటించి వదిలేశా. మూడో రోజు రాత్రి గిన్నెలు కడుగుతుంటే, దాని గురించి ఆలోచించడం కూడా లేదు, రాజ్యం చెయ్ అంటే ఏలు అని తట్టింది. ఏలు, ఊరు. నేను పదేళ్ళు ఉన్న ఊరు!

తడి చేతులతోనే ఫోన్ చేశా.

"వదినా, ఏలూరు!"

"వచ్చిందా," అంది, "మరి లు పక్కన ఊ చేరి లూ ఎలా అయిందో చెప్పు."

"ఉత్వ సంధి."

"ఆ, ఇప్పుడు ఒప్పుకుంటా," అని ఇంకోటి పంపింది, అది అయిదక్షరాలది, ప్రస్తుతం ఫ్రిజ్ మీద ఉంది.