ఓడ దించింది, మురుగు నిలబెట్టింది

1967లో విశాఖపట్నం హార్బర్‌లో అంతకుముందు ఇక్కడెవరూ చూడని ఒక చిన్న ఆల్చిప్ప బయటపడింది. పేరు మైటిలాప్సిస్ సలై, పుట్టిల్లు కరీబియన్ తీరం. ఓడ అడుగుకి అంటుకునో, ఓడ ఒరగకుండా బరువు కోసం నింపుకునే బ్యాలస్ట్ నీళ్లలో పిల్లగానో వచ్చి ఉంటుంది. అలా వచ్చిపడే జీవుల్లో చాలావరకు ఎవరి కంటా పడకుండానే చచ్చిపోతాయి. ఇది మాత్రం గుత్తులు గుత్తులుగా పట్టేసింది, కొన్నేళ్లకే ముంబైలోనూ తేలింది.

తప్పంతా ఓడలదే అంటే సగమే నిజం. విశాఖ ఇన్నర్ హార్బర్ భూమిలోకి చొచ్చుకొచ్చిన పాయ. ఊరి మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు దశాబ్దాలుగా అందులోకే. పైగా నీళ్లు త్వరగా మారవు. మురుగులోని నత్రజని, భాస్వరం తిని ప్లవకాలు, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవులు, విపరీతంగా పెరుగుతాయి. నీళ్లు వడగట్టుకు తినే ఆల్చిప్పకి అది విందు. అవే ప్లవకాలు చచ్చి కుళ్లితే ఆక్సిజన్ పడిపోతుంది, సున్నితమైన స్థానిక జీవులు తట్టుకోలేవు. సలై అయితే చిప్ప మూసుకుని గడ్డుకాలం దాటేస్తుంది. దాదాపు మంచినీటి నుంచి సముద్రాన్ని మించిన ఉప్పదనం దాకా ఓర్చుకుంటుంది. పుట్టిన నెలకల్లా పిల్లల్ని కనే ఈడుకొస్తుంది. ఖాళీ అయిన జాగా దక్కేది ఇలాంటివాటికే.

లోహాల సంగతి ఇంకా విచిత్రం. ఆస్ట్రేలియాలో పరిశోధకులు రాగి సోకేలా చేసిన పలకల్ని సముద్రంలో వేలాడదీశారు. వాటిమీద చేరిన స్థానిక జాతుల వైవిధ్యం మూడో వంతు నుంచి సగం దాకా తగ్గింది, బయటి జాతులది తగ్గలేదు. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఓడలకి జీవులు పట్టకూడదని పూసే పెయింట్‌లో ఉండేదీ రాగే! వాటర్‌సిపోరా అనే నాచులాంటి జంతువు ఆ పెయింట్ మీదే పల్చని పెచ్చులా పరుచుకుంటుంది. రాగిని ఓర్చుకోలేని జీవులు ఆ పెచ్చు మీదెక్కి కూర్చుంటాయి. అంటే రాగికి అలవాటుపడ్డ ఆ ఒక్కటీ మిగతావాటికి టికెట్ లేని ప్రయాణం కల్పిస్తోంది.

1999లో ఇదే సలై ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరంలో మరీనాల్లో, అంటే పడవలు నిలిపే రేవుల్లో, కనిపించింది. అక్కడివాళ్లు గేట్లు మూసి, నీళ్లలో క్లోరిన్, మైలుతుత్తం కలిపి, దాంతోపాటు మిగతా ప్రాణుల్నీ చంపి మరీ వదిలించుకున్నారు. విశాఖ హార్బర్‌కి అలా మూసే గేట్లు లేవు. బ్యాలస్ట్ నీళ్లని శుద్ధి చేయాలన్న అంతర్జాతీయ ఒప్పందం 2017లో అమల్లోకొచ్చింది. మంచిదే, కానీ అది ఓడల వరకే. ఒడ్డునుంచి వచ్చే మురుగు గొట్టం దాని పరిధిలో లేదు. నన్నడిగితే కొత్త జాతుల కోసం గాలించేవాళ్లు జెట్టీలతో పాటు ఆ గొట్టాల మూతుల దగ్గరా పలకలు వేలాడదీయాలి.