మచ్చలు పోతే జబ్బు పోయినట్టు కాదు: ఉప్పునీటి చేపల వైద్యంలో అపోహలు – వాస్తవాలు

నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకేలా మొదలవుతాయి. "రెండు వారాల కిందట టాంగ్ చేపకి తెల్లమచ్చలు వచ్చాయండీ. తిండిలో వెల్లుల్లి కలిపి పెట్టాను. నాలుగో రోజుకి ఒక్క మచ్చ లేదు. ఇప్పుడు మళ్లీ వచ్చాయి, ఈసారి అన్ని చేపలకీ." గొంతులో భయం తెలుస్తూనే ఉంటుంది. చెప్పేవాళ్ల తప్పేమీ లేదు, కళ్లతో చూసిందే నమ్మారు. కానీ ఉప్పునీటి ట్యాంక్‌లో ఎక్కువ చేపల్ని పోగొట్టే నమ్మకం ఇదే: మచ్చలు పోయాయి కాబట్టి జబ్బు తగ్గింది.

తగ్గలేదు. ఈ మచ్చలకి కారణం క్రిప్టోకార్యాన్ అనే పరాన్నజీవి. అది చేప చర్మం పైపొర కింద, మొప్పల్లో దూరి మూడు నుంచి ఏడు రోజులు తింటుంది. కడుపు నిండాక తనంతట తానే చేపను వదిలేసి, ఇసుక మీదో రాయి మీదో గాజుకో అతుక్కుని చుట్టూ గట్టి గూడు కట్టుకుంటుంది. మనకి మచ్చలు మాయమైనట్టు కనిపించేది అప్పుడే. ఆ గూడు లోపల ఒకటి వందలుగా విడిపోతుంది. కొన్ని గూళ్లు మూడో రోజుకే పగులుతాయి, కొన్ని నాలుగు వారాలు ఆగుతాయి. బయటికొచ్చిన పిల్లలకి ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. ఇంట్లో ట్యాంక్ ఎంత పెద్దదైనా సముద్రం కాదు, చేప దొరక్కుండా ఎలా ఉంటుంది?

ఇప్పుడు ఆ నాలుగో రోజు సంగతి చూడండి. ఆ వారంలో మీరు ఏం చేసినా మచ్చలు పోతాయి, ఏమీ చేయకపోయినా పోతాయి. వెల్లుల్లి పెట్టినవాళ్లు వెల్లుల్లి అంటారు, చేపల ఒంటిని శుభ్రం చేసే క్లీనర్ రొయ్యను వదిలినవాళ్లు రొయ్య అంటారు. పుకార్లన్నీ ఇలా పుట్టినవే. మొదట్లో నేనూ నమ్మాను. నా దగ్గర పౌడర్ బ్లూ టాంగ్ ఒకటి ఉండేది. మచ్చలు రాగానే హీటర్ పెంచాను, మచ్చలు పోయాయి, ఇంకో ఇద్దరికి అదే సలహా ఇచ్చాను. మూడో విడత వచ్చినప్పుడు దాని మొప్పలు పూర్తిగా దెబ్బతిన్నాయి. తెల్లారేసరికి పోయింది. సలహా తీసుకున్న ఇద్దరికీ ఫోన్ చేసి తప్పు చెప్పానని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఇద్దరిలో ఒకరి చేపలు అప్పటికే పోయాయి. ఈ విషయం దగ్గర నాకు ఓపిక తక్కువ కావడానికి కారణం అదే.

వేడి పెంచడమన్నది మంచినీటి చేపల వైద్యం. మంచినీటి చేపల తెల్లమచ్చల జబ్బునీ, దీన్నీ రెండింటినీ ఇక్ అనే పిలుస్తాం గానీ మంచినీటి ఇక్ వేరే జీవి. ఉప్పునీటిలో వేడి పెంచితే నీటిలో ఆక్సిజన్ తగ్గి, ముందే ఊపిరాడని చేపకు ఇంకా కష్టమవుతుంది.

ఇక మందు గురించి. దీనికి వాడేది కాపర్, అంటే రాగి మందు. చర్మం కింద ఉన్నదాన్ని కాపర్ తాకలేదు, గూట్లో ఉన్నదాన్నీ తాకలేదు. నీటిలో ఈదే పిల్లల్నే చంపుతుంది. అందుకే మోతాదు ఒక్క రోజు పడిపోయినా లాభం ఉండదు. మచ్చలు ఉన్నా లేకపోయినా 30 రోజులు మోతాదు నిలబెట్టాలి. మామూలు అయానిక్ కాపర్ అయితే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. చిలేటెడ్ రకాలకు, అంటే రాగిని వేరే పదార్థంతో కట్టి అమ్మేవాటికి, అంకె చాలా ఎక్కువ ఉంటుంది, సీసా మీద రాసిందే పాటించండి. దానికి సరిపోయే టెస్ట్ కిట్ లేకుండా మొదలుపెట్టొద్దు. మోతాదును రెండు మూడు రోజులు తీసుకుని మెల్లగా పెంచండి. ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసేయండి, మందును లాగేస్తుంది.

ఇదంతా మెయిన్ ట్యాంక్‌లో కాదు, వైద్యం కోసం విడిగా పెట్టే హాస్పిటల్ ట్యాంక్‌లో. మెయిన్ ట్యాంక్‌లో కాపర్ పోస్తే పగడాలు, నత్తలు, రొయ్యలు చస్తాయి. లైవ్ రాక్ (సూక్ష్మజీవులు పట్టిన సముద్రపు రాయి), ఇసుక మందును పీల్చేసుకోవడంతో మోతాదు నిలవదు. రీఫ్ సేఫ్, అంటే పగడాలకు హాని చేయదు అని రాసిన సీసాల మీద నాకు నమ్మకం లేదు. పగడాలకు ఏమీ కానంత మెత్తటి మందు ఈ పరాన్నజీవిని చంపడం నేను చూడలేదు.

చేపలన్నీ బయటికొచ్చాక మెయిన్ ట్యాంక్ 76 రోజులు చేపల్లేకుండా ఉండాలి. ఒక్క చేప కూడా మిగలకూడదు, మచ్చల్లేని చేప కూడా. ఒక గూడు 72 రోజులు ఆగి పగిలిన దాఖలా ఉంది, ఈ లెక్క అక్కడి నుంచి వచ్చింది. ఈ మాట చెప్పగానే అవతల నిశ్శబ్దం. నాకు తెలుసు, రెండున్నర నెలలు చేపల్లేని ట్యాంక్ చూడటం బాధే. ఆరేళ్లుగా క్లౌన్ ఫిష్ జంటను పెంచుతున్న ఒక పెద్దాయన "ఇంకో దారి లేదా బాబూ" అని మూడుసార్లు అడిగారు. కొత్త చేపను నేరుగా ట్యాంక్‌లో వదిలిన మూడో వారం అది. లేదని చెప్పాను. ఆయన రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. ఆ జంట ఇప్పటికీ ఉంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. యూవీ లైట్ తన గుండా వెళ్లిన నీటిలోని పిల్లల్ని కొంత తగ్గిస్తుంది, అంతకుమించి ఆశించొద్దు. మంచినీటిలో ఐదు నిమిషాల స్నానం ఫ్లూక్స్ అనే పురుగుల మీద పనిచేస్తుంది, ఇక్‌ను నయం చేయదు. "ఇక్ ప్రతి ట్యాంక్‌లోనూ ఉంటుంది, ఏం చేయలేం" అన్నది అబద్ధం. లోపలికి రానివ్వకపోతే ఉండదు. పగడాలకు, నత్తలకు ఈ జబ్బు రాదు గానీ వాటి పెంకు మీద, అడుగు రాయి మీద గూళ్లు రావచ్చు. వాటినీ చేపల్లేని ట్యాంక్‌లో విడిగా ఉంచాల్సిందే.

ఒక్క చోట మాత్రం ఆగి చూడండి. మచ్చలు ఉప్పు రవ్వల్లా కాకుండా సన్నటి పిండి చల్లినట్టుంటే, చేప గబగబా ఊపిరి తీస్తూ పంపు ప్రవాహంలో నిలబడుతుంటే, వెలుగు నుంచి దాక్కుంటుంటే అది వెల్వెట్ అనే వేరే పరాన్నజీవి జబ్బు కావచ్చు. ఒక్కోసారి ఆ పిండి కనిపించేలోపే చేప పోతుంది. ఇక్‌కి కొందరు వాడే, నీటిలో ఉప్పు తగ్గించే పద్ధతి దానికి పనిచేయదు. రేపు చూద్దాం అనుకోకుండా ఆ రోజే హాస్పిటల్ ట్యాంక్‌లోకి మార్చండి.

ఆ ట్యాంక్‌కి పెద్ద హంగులేమీ అక్కర్లేదు. ఉత్త గాజు ట్యాంక్, హీటర్, దాక్కోడానికి పీవీసీ పైపు ముక్కలు, స్పాంజ్ ఫిల్టర్. ఇసుక, రాళ్లు వద్దు. అక్కడ చేపల్ని చంపేది చాలాసార్లు జబ్బు కాదు, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియా. కొత్త స్పాంజ్‌లో అమోనియాను తినే బ్యాక్టీరియా ఉండదు కదా. అమోనియాను కట్టేసే మందుల్ని కాపర్‌తో కలపొద్దు, కొన్ని కలిస్తే కాపర్ విషమవుతుంది. నీళ్లు మార్చండి, మార్చిన నీటికి సరిపడా కాపర్ మళ్లీ కలపండి. చేపలు బాగున్న ఈ రోజే ఒక స్పాంజ్ తెచ్చి మీ మెయిన్ ట్యాంక్ సంప్‌లో (ఫిల్టర్ ఉండే తొట్టిలో) వేసి ఉంచండి. నెల తిరిగేసరికి బ్యాక్టీరియా పట్టి, అవసరమైన రాత్రి తీసి వాడుకోవడానికి సిద్ధంగా ఉంటుంది.