తాగునీటి ప్రమాణాలు: ల్యాబ్‌లో రోజూ వినే అపోహలు

దర్శి వైపు పల్లెల నుంచి వచ్చే బోరు నీళ్లను పరీక్షించడం నా పని. నీళ్లలో ఎర్రటి రసాయనం కలుపుతాం. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఆ ఎరుపు అంతగా వెలిసిపోతుంది. ఆ రంగు వంక చూస్తూ ఊరివాళ్లు అడిగేది ఒకటే: "సార్, ఇవి తాగొచ్చా?"

అపోహ: ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు చెప్పింది కదా, అన్ని దేశాలూ పాటించి తీరాలి.

వాస్తవం: అది మార్గదర్శకం, చట్టం కాదు. ఫ్లోరైడ్‌కు ఆ సంస్థ చెప్పింది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అమెరికాలో చట్టం పెట్టిన పరిమితి 4. వాతావరణాన్నీ, జనం తాగే నీళ్లనూ బట్టి ఎవరి హద్దు వాళ్లు పెట్టుకోమని ఆ సంస్థే చెబుతుంది. మే నెల ఎండలో ఉపాధి పనికి పోయే మనిషికి చలిదేశపు లెక్క ఎలా సరిపోతుంది?

అపోహ: మనకు సరైన ప్రమాణం లేకే ఈ బాధ.

వాస్తవం: తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన ఐఎస్ 10500 ఉంది. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వనరు లేకపోతే 1.5 వరకు ఫర్వాలేదు అంటుంది. ఆ "వేరే వనరు లేకపోతే" దగ్గరే మన కష్టమంతా ఉంది. బోరు మూయించడం ఒక్క రోజు పని. మర్నాడు ఆ ఇల్లాలు బిందె ఎక్కడ నింపుకోవాలి? సాగర్ కాల్వ నీళ్లు తేవాలంటే చెరువు, ఫిల్టర్ బెడ్, మైళ్ల కొద్దీ పైపులు, నెలనెలా కరెంటు బిల్లు. ప్రమాణం రాసేది ఢిల్లీలో. రాజ్యాంగం ప్రకారం నీళ్లు రాష్ట్రాల అంశం. రోజూ వాల్వు తిప్పేదేమో పంచాయతీ మనిషి. అంకె ఒకరిది, డబ్బు ఒకరిది, పని ఇంకొకరిది అయినప్పుడు ఏ దేశంలోనైనా ఇంతే. పొదిలి, దర్శి ప్రాంతం ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, ఇక్కడి ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి డాక్టర్లు రాశారు. ఆ పల్లెల నీళ్లు ఇప్పటికీ నా బల్ల మీదికి వస్తున్నాయంటే మనసు కలుక్కుమంటుంది.

అపోహ: మరగబెడితే ఫ్లోరైడ్ పోతుంది.

వాస్తవం: పోదు. చచ్చేది క్రిములే. నీళ్లు ఆవిరైన కొద్దీ ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

అపోహ: నీళ్లు తేటగా, తియ్యగా ఉంటే భయం లేదు.

వాస్తవం: ఫ్లోరైడ్‌కు రంగూ రుచీ ఉండవు. ఒకే ఊళ్లో రెండు వీధుల బోర్లకే తేడా వస్తుంది. అందుకే ప్రతి బోరు నీళ్లూ విడిగా తెండి. గాజు సీసా వద్దు. ప్లాస్టిక్ బాటిల్‌ను అవే నీళ్లతో రెండుమూడు సార్లు తొలిచి, నిండా పట్టి, ఏ వీధి బోరో పైన రాయండి.