కారు కారుతోంది!

కాకినాడ,
జనవరి 20

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ నాయనమ్మా క్షేమం.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మన అంబాసిడర్ ఎక్కబోతూ చిన్నది అడిగింది గుర్తుందా, "తాతయ్యా, కారుకి ముక్కు కారుతోందేంటి?" అని. "కారు కారుతోంది!" అని పెద్దాడు అందుకున్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ రాత్రి మీరు పడుకున్నాక టార్చిలైటు పట్టుకుని వెళ్ళి చూశాను. డ్రైవరు తలుపు మీదుగా, టాప్ అంచు నుంచి ముందు అద్దం పక్కకి సన్నగా గోధుమరంగు చార దిగి ఉంది. అది తుప్పునీళ్ళు. ఫోనులో చెబితే సగం వింటారు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

పాత పెంకుటిల్లు గుర్తు తెచ్చుకోండి. వానకి చూరు నీళ్ళు గుమ్మంలో పడకుండా అంచు కింద రేకు దోనె కట్టేవాళ్ళం. పాత కార్లకీ అదే ఏర్పాటు ఉంటుంది. తలుపుల పైన, టాప్ అంచు పొడవునా వేలు పట్టేంత కాలువ. దాన్ని గట్టర్ అంటారు. టాప్ మీద పడ్డ వాన అందులోకి దిగి ముందుకో వెనక్కో పారిపోతుంది కాబట్టే, తలుపు తీసినప్పుడు మీ మెడ మీద చల్లగా పడదు. మీ నాన్న కారుకి అలాంటి కాలువ బయటికి కనిపించదు. టాప్ మీద రెండు నల్లపట్టీలు ఉంటాయి చూడండి, చాలా కొత్త కార్లలో అతుకు ఆ పట్టీల కిందే దాక్కుంటుంది.

అసలు కిటుకు ఆ అతుకులోనే ఉంది. టాప్ రేకు అంచునీ పక్క రేకు అంచునీ ఒకదాని మీద ఒకటి పెట్టి అక్కడక్కడ చుక్కల్లా వెల్డింగ్ చేస్తారు. చొక్కాకి బొత్తాలు పెట్టినట్టన్నమాట. బొత్తానికీ బొత్తానికీ మధ్య సందు ఉంటుంది కదా, ఇక్కడా ఉంటుంది. ఆ సందులోకి నీళ్ళు దిగకుండా పైన జిగురులాంటి ముద్ద పూసి దాని మీద పెయింటు వేస్తారు. ఆ ముద్దనే సీలర్ అంటారు.

అంబాసిడర్ 1957లో మొదలై 2014 మే దాకా బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైంది. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 దానికి మూలం. మన బండి 1986ది, మీ నాన్న కన్నా రెండేళ్ళే చిన్న. ఇన్నేళ్ళు మన ఎండలో నిలబడితే ఏ సీలరైనా ఎండిపోతుంది. మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలిన రేకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. మెత్తదనం పోయిన సీలర్ దానితో పాటు సాగలేక వెంట్రుకంత పగులు ఇస్తుంది. నేను గోటితో నొక్కితే టిక్కుమని పెచ్చు లేచింది, పాతగోడ సున్నంలాగ. దాని వెనకవైపు తడిగా, కాఫీపొడి అంటినట్టు ఉంది.

వెంట్రుకంత పగుల్లోంచి ఎన్ని నీళ్ళు వెళ్తాయిలే అనుకుంటారేమో. టీలో బిస్కెట్టు కొస ముంచితే తడి పైకి పాకుతుంది కదా. సందు ఎంత సన్నదైతే నీరు అంత బాగా పాకుతుంది. పైగా లోపలికి వెళ్ళిన నీటికి ఎండా గాలీ తగలవు, తొందరగా ఆరదు. ఇనుముకి నీరూ ఆక్సిజనూ దొరికితే తుప్పు పడుతుందని బళ్ళో చదివే ఉంటారు. మన ఊరి ఉప్పుగాలి తోడైతే ఇంకా వేగంగా పడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఉబ్బి సీలర్‌ని మరికాస్త పైకి నెడుతుంది. పగులు పెద్దదవుతుంది, మళ్ళీ నీళ్ళు.

ఇక్కడ నేను మోసపోయిన కథ ఒకటి చెప్పాలి. పదిహేనేళ్ళ కిందట వానాకాలంలో ముందు సీటు కింద మ్యాటు తడిసేది. ఒక షాపులో చూపిస్తే అద్దం చుట్టూ రబ్బరు మార్చాలన్నారు. మార్చారు. మళ్ళీ తడిసింది. నిజానికి నీళ్ళు టాప్ దగ్గర దూరి, అద్దం పక్క స్తంభం లోపలి నుంచి దిగి పాదాల దగ్గర తేలేవి. తడి ఒకచోట, చిల్లు ఇంకోచోట! ఇంకో షాపువాళ్ళు గట్టర్ అని సరిగ్గానే పట్టుకున్నారు గానీ, బాత్‌రూముల్లో వాడే సిలికాన్ తెచ్చి తుప్పు మీదే పూసేశారు. ఆ రకం సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది, అంటే యాసిడ్ వదులుతోందన్నమాట. ఒట్టి ఇనుముకి అది పడదు. దాని మీద పెయింటూ నిలవదు. ఆ సిలికాన్ గీకడానికి నాకు రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి ఈ పని ఎవరికీ ఇవ్వను.

ఫిబ్రవరిలో చేద్దాం. వానల్లో లాభం లేదు, ఏప్రిల్ ఎండలో రేకు కాలిపోతుంది. ఉదయం పూట నీడలో పెట్టి మొదలుపెడతాం. ముందు పాత సీలర్ తియ్యాలి. వేడిగాలి ఊదే హీట్ గన్‌తో కాస్త వెచ్చబెడితే మెత్తబడి చెక్కముక్కతోనే లేచి వస్తుంది. స్క్రూడ్రైవరుతో కసిగా పొడవకూడదు, రేకు మందం మిల్లీమీటరుకి అటూఇటూ, అంతే. మీకు నచ్చే పని ఇదే అనుకుంటా, గోకుడు పని! ఎక్కడిదాకా గోకాలంటే సీలర్ గట్టిగా పట్టుకుని ఉన్నచోటి దాకా. వదులుగా ఉన్నది ఒక్క అంగుళం వదిలేసినా అక్కణ్ణుంచే మళ్ళీ మొదలవుతుంది.

తర్వాత తుప్పుని వైరు బ్రష్షుతో రుద్దడం. పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది, కాబట్టి పెయింటుని పొడిగా గీకి దుమ్ము లేపొద్దు. తడిపి, ఎమరీ కాగితంతో నేనే రుద్దుతాను. ఆ పూట మీరు ఆ దగ్గరికి రావద్దు. సందుల్లో మిగిలే తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న మందు రాస్తాం. నాయనమ్మ చింతపండుతో ఇత్తడి బిందె తోముతుందే, అలాంటి పనే, కాకపోతే ఇది తుప్పుని నల్లటి గట్టి పొరగా మారుస్తుంది. కోలా డ్రింకుల్లో కూడా కొంచెం ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది. అందుకే మీ నాయనమ్మ వాటిని తాగనివ్వదు, ఆవిడకి ఈ సంగతి తెలియకపోయినా.

చిల్లులు పడి ఉంటే మాత్రం సీలర్‌తో మూసేసి ఊరుకోను. టింకరింగ్ మేస్త్రిని పిలిచి రేకు ముక్క వెల్డింగ్ చేయిస్తాను. అంబాసిడర్‌కి లారీలాగా విడిగా చాసిస్ లేదు, బరువు మోసేది బాడీయే. స్తంభాల్లోంచి దిగిన నీళ్ళు తలుపుల కింది పెట్టెభాగంలో చేరి దాన్ని తినేస్తే మరమ్మతు చాలా పెద్దదవుతుంది.

మందు ఆరాక డబ్బా మీద రాసినట్టు తుడిచి, థిన్నర్ గుడ్డతో జిడ్డు తీసి, రేకుని పట్టుకుని ఉండే అడుగు పూత, ఎపాక్సీ ప్రైమర్ వేస్తాం. అప్పుడు అటూఇటూ మాస్కింగ్ టేప్ అంటించి, కార్లకి వాడే పాలీయురేథేన్ సీలర్‌ని గొట్టంలోంచి సన్నని తీగలా నొక్కుతూ వెళ్ళడమే. గ్లౌజు వేసుకున్న వేలితో ఒకేసారి లాగి నున్నగా చెయ్యాలి. ఆగి ఆగి లాగితే గుట్టలు వస్తాయి, గుట్ట వెనక నీళ్ళు నిలుస్తాయి. సీలర్ మీద చర్మం కట్టకముందే టేప్ పీకెయ్యాలి, లేకపోతే అంచు లేచిపోతుంది. గట్టర్ రెండు చివర్లలో నీళ్ళు బయటికి పోయే నోళ్ళుంటాయి, వాటిని మూసెయ్యకూడదు. ఉత్సాహంలో వాటినీ నింపేసినవాళ్ళని చూశాను. కాలువ కాస్తా తొట్టి అయింది.

సీలర్ ఆరాక దాని మీద పెయింటు తప్పకుండా వెయ్యాలి. పెయింటు లేకపోతే ఎండ దాన్ని మళ్ళీ బీటలు వారుస్తుంది. తెల్లరంగు మా వీధి చివర పెయింటరు కలిపి ఇస్తానన్నాడు.

నాలుగో రోజున పరీక్ష. చిన్నది లోపల కూర్చుని టార్చి పట్టుకుంటుంది, కింద పాత న్యూస్‌పేపర్లు పరుస్తాం. పెద్దాడు స్టూలెక్కి గట్టర్‌లో చెంబుతో నీళ్ళు పోస్తాడు. గబగబా కాదు, పది నిమిషాలు సన్నగా. పేపరు మీద ఒక్క చుక్క పడినా ఎక్కడ పడిందో పెన్సిల్‌తో సున్నా చుట్టి నన్ను పిలవాలి.

రెండో శనివారం సెలవుకి వచ్చేయండి. వచ్చేటప్పుడు అరిగిపోయిన టూత్‌బ్రష్‌లు పారెయ్యకుండా తీసుకురండి, గట్టర్ మూలల్లోకి అవే దూరతాయి. నాయనమ్మ సున్నుండలు చేస్తానంది.

ఇట్లు
మీ తాతయ్య