ల్యాప్‌టాప్ ఆఫీసు గడప దాటితే పాలసీ ఊడిపోదు

"ఇప్పుడు ఇంట్లోంచే పని కదండీ, ఇంక మీ పాలసీలు నాకు వర్తించవుగా?" ఆఫీసు కంప్యూటర్లు చూసుకునే మమ్మల్ని కొందరు సంబరంగా అడుగుతారు, కొందరు భయంభయంగా. ఇద్దరికీ జవాబు ఒకటే.

అపోహ: ఆఫీసు నెట్‌వర్క్ నుంచి బయటికొస్తే పాలసీ పనిచేయదు.

వాస్తవం: శుభ్రంగా పనిచేస్తుంది. గ్రూప్ పాలసీ, అంటే ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ అడ్మిన్ ఒకేచోటి నుంచి పెట్టే నియమాలు. ఆ సెట్టింగులు మీ ల్యాప్‌టాప్ లోపలే రాసి ఉంటాయి. నెట్ లేకపోయినా, చివరిసారి అందినవి అలాగే అమల్లో ఉంటాయి. ఆగిపోయేది కొత్తవి రావడం. మామూలుగా విండోస్ మెషిన్ 90 నిమిషాలకోసారి, పైన మరో 30 నిమిషాల దాకా తేడాతో, డొమైన్ కంట్రోలర్‌ని (ఆ నియమాలు ఇచ్చే ఆఫీసు సర్వర్‌ని) అడిగి మార్పులు తెచ్చుకుంటుంది. కంట్రోలర్ అందకపోతే పాతవాటితోనే నెట్టుకొస్తుంది. మీకు ఒక్క మాట కూడా చెప్పదు. నన్ను భయపెట్టేది ఆ మౌనమే.

మెయిల్ బ్రౌజర్లో తెరుచుకుంటోంది, మీటింగులు నడిచిపోతున్నాయి, ఇంక వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే దారి) దేనికని వారాల తరబడి కలపని వాళ్ళు బోలెడంతమంది. ఒకసారి రిమోట్ డెస్క్‌టాప్‌కి (దూరం నుంచి ఇంకో కంప్యూటర్ని నడిపే సౌకర్యానికి) ఫైర్‌వాల్‌లో, అంటే బయటి కనెక్షన్లని ఆపే కాపలాలో, దారిచ్చే పాత రూల్ ఒకటి తీసేశాం. కన్సోల్లో తీసేశాం కాబట్టి పనైపోయిందనుకున్నాం. రెండు నెలల తర్వాత ఒకాయన ప్రింటర్ రావట్లేదని ఫోన్ చేశారు. చూడబోతే ఆయన మెషిన్లో ఆ రూల్ ఇంకా బతికే ఉంది, అదీ అన్ని రకాల నెట్‌వర్కులకీ. ఆ రెండు నెలలూ ఆయన ఏ వైఫైకి కలిస్తే అక్కడ తలుపు బార్లా తీసి ఉన్నట్టే. ఏమీ జరగలేదు, అదృష్టం. ఆయన మాత్రం "సర్, నా ఉద్యోగానికేమైనా..." అని ఒకటే టెన్షన్. ఆయన తప్పేముంది? వీపీఎన్ కలపకపోతే ఏమవుతుందో మేం ఎప్పుడైనా చెప్పామా? అప్పటినుంచి, మార్పు ఎన్ని మెషిన్లకి చేరిందో లెక్క చూడకుండా నేను టికెట్ మూయను.

కాబట్టి వారంలో ఒకటి రెండుసార్లయినా వీపీఎన్ కలిపి రెండు గంటలు అలా వదిలేయండి. ఐదు నిమిషాల్లో తీసేస్తే లాభం లేదు. తొందరైతే వీపీఎన్‌లో ఉండగా gpupdate కమాండ్ కొట్టండి. gpresult /r కొడితే పాలసీ చివరిసారి ఎప్పుడు అందిందో తేదీతో సహా కనిపిస్తుంది. అడ్మిన్ మిత్రులకు ఒక మాట: పాలసీ ద్వారా పంపే సాఫ్ట్‌వేర్, స్టార్టప్ స్క్రిప్టులు మెషిన్ లేచేటప్పుడే నడుస్తాయి. లాగిన్ అయ్యాక కలిపే వీపీఎన్‌తో అవి రావు. ఇంటర్నెట్ ద్వారానే పాలసీలు పంపే ఇన్‌ట్యూన్ లాంటివి ఉన్నచోట ఇంత అవస్థ లేదు, ఇంటర్నెట్ ఉంటే చాలు.

అపోహ: నెట్‌వర్క్ 'పబ్లిక్' అని చూపిస్తే నా ఫైళ్ళు అందరికీ కనబడతాయి.

పూర్తిగా తలకిందులు! పబ్లిక్ అంటే 'ఈ నెట్‌వర్క్‌ని నమ్మకు' అని విండోస్‌కి చెప్పడం. అప్పుడే ఫైర్‌వాల్ ఎక్కువ బిగుసుకుంటుంది. భయపడి 'ప్రైవేట్'కి మార్చేవాళ్ళే చేతులారా గడియ వదులు చేసుకుంటున్నారు.

అపోహ: 30 రోజులు కలపకపోతే మెషిన్ డొమైన్ (ఆఫీసు కంప్యూటర్ల కూటమి) నుంచి ఊడిపోతుంది.

ఎవరు పుట్టించారో గానీ చావట్లేదు. మెషిన్ తన పాస్‌వర్డ్‌ని మామూలుగా 30 రోజులకోసారి మార్చుకునే మాట నిజమే. కానీ మార్చుకునేది మెషినే, దానికి సర్వర్ అందుబాటులో ఉన్నప్పుడు. అంతేగానీ గడువు దాటిందని సర్వర్ గెంటేయదు. వాడని అకౌంట్లని మీ అడ్మిన్ ఏరిపారేస్తుంటే అది వేరే సంగతి.

ఇక రహస్యంగా అడిగే ప్రశ్న: "మా ఇంట్లో టీవీ, పిల్లల ట్యాబ్ కూడా మీకు కనబడతాయా?" పాలసీ ఆ ల్యాప్‌టాప్‌కే, పక్కనున్న పరికరాలకి వర్తించదు. అయితే వీపీఎన్ ఫుల్ టనెల్ అయితే ఆ ల్యాప్‌టాప్‌లో మీరు చూసే సైట్లన్నీ ఆఫీసు మీదుగానే వెళ్తాయి. మీది ఏ రకమో మీ అడ్మిన్‌ని మొహమాటం లేకుండా అడగండి.